కొలువు మెట్టు మీద జపాన్ విమానం

ఆ విమానం జపాన్‌లో లేదు. ఇంగ్లండులో లేదు, అమెరికాలోనూ లేదు. యుద్ధం జరిగిన రోజుల్లో ఏ ఆకాశంలోనూ అది ఎగరలేదు. తిరువళ్ళూరులో మా ఇంటి బొమ్మల కొలువులో, కింది నుంచి మూడో మెట్టు మీద, చెట్టియారు దుకాణం బొమ్మ పక్కన మాత్రం ఉండేది. దాన్ని చేసింది నేను. వద్దన్నవాళ్ళు ముగ్గురు. వాళ్ళ మాట విననందుకు నాకు ఈ రోజుకూ చింత లేదు.

నా పుట్టిల్లు తిరుత్తణి. మూడో తరగతి దాకా బడికి పోయాను. అక్కడ చెప్పింది తమిళం. తెలుగు అక్షరాలు మా నాయన వాకిట్లో ఇసుక పోసి, నా వేలు పట్టుకొని దిద్దించాడు. అందుకే నా రాత ఇప్పటికీ ఇసుకలో కాకి నడిచినట్టు ఉంటుంది. జ్ఞాపకం మాత్రం గట్టిది. ఎవరు ఏ రోజు ఏ మాటన్నారో, ఆ రోజు పొయ్యి మీద ఏముందో కూడా చెప్పగలను.

మా నాయనకు ఒక అలవాటు ఉండేది. ఆకాశంలో విమానం చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో ఏమున్నా అక్కడే పడేసి, "లోపలికి రాండి, అందురూ లోపలికి రాండి" అని కేకలు పెడుతూ మమ్మల్ని రెక్క పట్టి ఇంట్లోకి లాగేవాడు. రోలు పక్కన గోడమూల కూర్చోబెట్టి, చప్పుడు పూర్తిగా అణిగేదాకా మా తలల మీద చేతులు అడ్డం పెట్టేవాడు. అన్నం తింటుంటే అన్నం వదిలి రావాలి. తలకు పోసుకుంటుంటే నురగతోనే రావాలి. వీధి పిల్లలంతా తలలెత్తి విమానానికి చేతులూపుతుంటే, మేము నలుగురం రోటి పక్కన పిండి వాసన పీలుస్తూ కూర్చునేవాళ్ళం. బయట నడిచేటప్పుడు ఎండ ఉన్నా లేకున్నా ఆయన నెత్తి మీద నల్ల గొడుగు ఉండాల్సిందే. నాకు పెళ్ళయ్యేనాటికి పంతొమ్మిదేళ్ళు. అప్పటికి నేను విమానాన్ని విన్నాను గాని చూడలేదు.

కారణం నాయన చెప్పలేదు. మా అమ్మ చెప్పింది.

మా నాయన, ఆయన అన్న ఇద్దరూ వయసులో ఉండగా రంగూన్ పోయారు. రేవులో బియ్యం మూటలు మోసే పని. జపాన్ విమానాలు మొదటిసారి రంగూన్ మీదికి వచ్చిన రోజున, అవి ఏం చేస్తాయో అక్కడ చాలామందికి తెలియదు. ఎండలో వెండి మాదిరి మెరుస్తూ, రెక్కల మీద ఎర్ర బొట్లతో బారుగా వస్తుంటే వింతగా ఉందని జనం వీధుల్లోకి వచ్చి చూశారు. నాయన కూడా చూశాడు. చూసి ఊరుకోలేదు. గోదాములో మూటల చాటున ఉన్న అన్నను పిలిచాడు. "అన్నా, రా, వచ్చి చూడు" అన్నాడు. పెదనాయన బయటికి వచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని తలెత్తాడు.

ఆ తర్వాత మా నాయన కొండలూ అడవులూ దాటి, వేలమంది జతలో నెలల తరబడి నడిచి, తిరుత్తణికి ఒక్కడే వచ్చాడు.

"'నేను పిలవకుంటే వాడు వచ్చేవాడు కాదు' అన్నాడు మే, నాకు పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి," అని చెప్పింది అమ్మ. "మళ్ళా ఆ మాట ఎత్తలేదు. నువ్వూ ఎత్తాకు."

నాయన దగ్గర నేను ఎత్తలేదు. అత్తింట్లో మాత్రం చెప్పాను. తిరువళ్ళూరుకు కాపురానికి వచ్చిన రెండో నెలలో మిద్దె మీద వడియాలు పెడుతుంటే చప్పుడు వచ్చింది. కాళ్ళు వాటంతటవే మెట్ల వైపు తిరిగాయి. సగం మెట్లు దిగాక, నన్ను లాగేవాళ్ళు ఎవరూ లేరు కదా అని నిలబడ్డాను. మళ్ళీ పైకి ఎక్కి తలెత్తాను. విమానం మీనంబాకం విమానాశ్రయం వైపు తీరిగ్గా పోతోంది. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదానికా మా నాయన ఇన్నేళ్ళు గోడమూల కూర్చున్నాడు అని కోపం వచ్చింది. విమానం మీద కాదు. ఎవరి మీదో నాకే తెలియదు. చేతిలో పిండి అలాగే ఆరిపోయింది.

మా ఇంటాయనకు లారీ బాడీలకు రంగు కొట్టే కంపెనీలో పని. పొద్దున్నే కరెంటు రైలెక్కి పోయి, సాయంత్రం చెవుల వెనక ఆకుపచ్చ రంగు మరకలతో ఇల్లు చేరేవాడు. ఎనభైల మొదట్లో ఒక ఆదివారం నా కుట్టు మిషనుకు బాబిను కావాలని మద్రాసులో పాత సామాన్లు అమ్మే మూర్ మార్కెట్టుకు పోయాడు. బాబినుతో పాటు ఒక నలిగిన అట్టపెట్టె తెచ్చాడు. పిల్లలు ఆడుకుంటారని అంగడివాడు ఊరికే ఇచ్చాడట.

పెట్టె మీద రంగుల బొమ్మ. ముదురు ఆకుపచ్చ విమానం, రెక్కల మీద గుండ్రంగా ఎర్ర బొట్లు.

అది చూడగానే నాకు తెలిసిపోయింది. మా అమ్మ చెప్పిన గుర్తే అది. పెట్టెను నా ఇద్దరు ఆడపిల్లలకు ఇవ్వలేదు. బియ్యం డబ్బా వెనక దాచుకున్నాను.

లోపల ప్లాస్టిక్ ముక్కలు. చిన్న చిన్న కడ్డీలకు కాయల మాదిరి వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి తుంచి, పక్కలు నున్నగా అరగదీసి, అతికించుకుంటూ పోవాలి. కాగితం మీద ఏది ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసి అంకెలు రాశారు. ఇంగ్లీషు నాకు రాదు. అంకెలు వచ్చు. ఆ అంకెలకూ ముక్కల మీది అంకెలకూ ఎక్కడా పొత్తు కుదరలేదు. చదువు రాని నా తప్పేమో అనుకున్నాను. మూడు పెట్టెల ముక్కలు ఒక పెట్టెలో కలిసిపోయాయని అప్పుడు నాకేం తెలుసు. రవికె గుడ్డ చాలనప్పుడు మిగులు పీలికల్లో ఏది ఎక్కడ అతుకుతుందో చూసుకోమా, అలా చూసుకున్నాను. పొడుగాటి దేహం ఒకటి దొరికింది. రెండు రెక్కలు దొరికాయి. తోక దొరికింది. కుదరని చోట కత్తిపీటకు పెట్టి కోశాను.

అతికించడానికి గోందు పనికిరాలేదు. మార్గం చూపించింది మా అత్త సబ్బు డబ్బా. మా ఇంటాయన బ్రష్షు కడిగే థిన్నరు సీసా దాని మీద ఒలికితే డబ్బా మూత మెత్తబడి, మైనంలా వేలికి అంటుకుంది. అత్త నన్ను మూడు రోజులు తిట్టింది. నేను మాత్రం తలవంచుకొని లోపల సంతోషపడుతున్నాను. థిన్నరు తగిలిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, కరిగిన రెండు ముక్కలు ఒకటవుతాయి. కోడిఈకతో అంచులకు తడి పెట్టి, నూరు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుంటే ఇక ఊడదు.

పెట్టెలో బాంబులు కూడా ఉన్నాయి. నాలుగు. ఒక్కొక్కటి గోధుమ గింజ కంటే కొంచెం పెద్దది. విమానం కడుపు కింద వాటికి నాలుగు బెజ్జాలు. ఆ నాలుగింటినీ అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాను. నా పెదనాయనను నేను చూడలేదు. ఆయన ఫోటో కూడా మా ఇంట్లో లేదు.

దేహానికీ రెక్కకూ మధ్య వేలి గోరు పట్టేంత సందు మిగిలిపోయింది. వేరే విమానం రెక్క కదా, కుదరలేదు. ఆ నాలుగు బాంబులనూ చిన్న గాజు సీసాలో వేసి, పైన థిన్నరు పోసి మూత పెట్టాను. రెండో రోజుకు అవి పాయసం చిక్కదనానికి వచ్చాయి. ఆ ముద్దను అగ్గిపుల్లతో తీసి రెక్కల సందులో కూరాను. ఆరాక రాయిలాగా పట్టుకుంది. కడుపు కింది నాలుగు బెజ్జాలు కూడా దానితోనే పూడ్చేశాను. ఇంతకంటే తృప్తిగా నేను జీవితంలో ఏ పనీ చేయలేదు. పిల్లలను కనడం కూడా కలుపుకునే చెబుతున్నాను.

దేహం రెండు పక్కలా కాల్చిన సూదితో వరసగా కిటికీలు పొడిచాను. యుద్ధం విమానానికి కిటికీలు ఉండవట. నా విమానానికి ఉంటాయి. ఎందుకంటే అది మనుషులను ఎక్కించుకోవడానికి వచ్చింది. రంగూన్ మీద బాంబులు వేయకుండా కిందికి దిగి, రేవులో ఉన్నవాళ్ళను, దారిలో కాళ్ళు పగిలి కూలబడినవాళ్ళను ఎక్కించుకొని, వాళ్ళ ఊళ్ళలో దించడానికి వచ్చింది. అలా జరగలేదని నాకు తెలుసు. జరిగింది చెప్పడానికి మా నాయన గోడమూల ఉంది. జరగాల్సింది చెప్పడానికి ఏదో ఒకటి ఉండొద్దా?

మనుషులెలా అని ఆలోచిస్తుంటే పోపుడబ్బా కంటబడింది. పొట్టు మినుములు. మా వాళ్ళ మాదిరే నల్లగా ఉంటాయి. ఒక్కొక్క గింజకూ పక్కన సన్నగా తెల్లటి గీత ఉంటుంది, పళ్ళు కనబడేట్టు నవ్వినట్టు. ఆ నవ్వు కిటికీ వైపు తిరిగేట్టు ఒక్కొక్కటి కూర్చోబెట్టి లోపల అతికించాను. పైకప్పు ముక్కను మాత్రం అతికించలేదు. ఊరికే మూత పెట్టాను. పెదనాయనను ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తోచలేదు.

రంగు మా ఇంటాయన లారీల రంగే. పైన ఆకుపచ్చ, కింద బూడిద. గుర్తు అచ్చువేసిన కాగితం పెట్టెలో ఉంది గాని, నీళ్ళలో వేయగానే పాత అప్పడంలా పొడి అయిపోయింది. అందుకని ఎర్ర చాందు సీసా తీసుకున్నాను. నుదుట పుల్లతో పెట్టుకునే ద్రవం బొట్టు ఉంటుందే, అదే. వీధిలో ఏ పెళ్ళికూతురికైనా బొట్టు పెట్టాలంటే నన్నే పిలిచేవాళ్ళు. గీత గీసినట్టు గుండ్రంగా వస్తుంది నా చేతికి. రెక్కల పైన రెండు, కింద రెండు, దేహానికి ఇటొకటి అటొకటి. ఆరు.

మా ఇంటాయన అది చూసి తల గోక్కున్నాడు.

"బాగుండాది. కానీ ఆ గుర్తెందుకు? మన దేశం చక్రం పెట్టేస్తే పోలా? ఎవురూ ఏమీ అనరు."

"మన విమానం మన వాళ్ళను తెస్తే దాంట్లో గొప్పేముందయ్యా? బాంబు వేసినోడే తిరుక్కొని వచ్చి ఎక్కించుకోవల్ల."

"కొలువుకు వచ్చినప్పుడు మీ నాయన చూస్తే?"

"చూడాలనే చేసినా."

చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "నేనైతే వద్దంటా. ఆపైన నీ ఇష్టం," అన్నాడు. అది మొదటి వద్దు.

రెండోది మిలిటరీ మామది. మా పక్క వీధి ఆయన. యుద్ధకాలంలో మింజూరు అవతల సముద్రపు ఒడ్డున గుడిసెలో కూర్చొని, వచ్చే విమానం మనదా శత్రువుదా అని కనిపెట్టి చెప్పే ఉద్యోగం చేశాడు. అందరూ ఆయనను మామా అనే పిలుస్తారు. ఏటా కొలువుకు వచ్చే మా నాయన సంగతి ఆయనకూ తెలుసు. కాఫీ తాగడానికి వచ్చి, కిటికీలో ఆరబెట్టిన విమానాన్ని చూశాడు.

"ఏంది అమ్మణ్ణీ ఇది?"

"విమానం మామా."

"అది తెలస్తా ఉండాది. ఏ విమానం?"

"జపాన్ ది."

కళ్ళద్దాలు తుడుచుకొని, చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పాడు. "దేహం జపానోడిది. సెరి, ఒప్పుకుంటా. ఈ రెక్క ఇంగ్లీషోడిది. తోక అమెరికావోడిది. ఒకర్నొకరు కాల్చుకున్న విమానాలమ్మా ఇవి."

"ఇంక కాల్చుకోలేరు మామా. అతికించేసినా."

"తమాషా కాదు. ఇట్లాంటి విమానం లోకంలో లేదు."

"తెలుసు. నేను నిన్ననే కదా చేసింది, కొలువులో పెట్టేదానికి."

మామ ఇంటికి పోయి ఒక మడతపెట్టిన పటం తెచ్చాడు. అప్పటి ఉద్యోగంలో ఇచ్చినదట. గళ్ళు గళ్ళుగా గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క విమానం నీడను నల్లగా అచ్చువేశారు. అంచులు చీకిపోయినా దేవుడి పటంలా దాచుకున్నాడు. "ఇవన్నీ నాకు కంఠతా. చప్పుడు వింటే పేరు చెప్తా. దీంట్లో నీది యాడుందో చూపించు. దేవుడి ముందర అబద్ధం పెడతావా? దాంట్లోనూ మీ నాయన ముందర? గుండె ఆగిపోతే ఎవురమ్మా పూచీ? వద్దు."

గుండె ఆగిపోతే అన్న మాట నాకు లోపల గుచ్చుకుంది. సాయంత్రం కూర్చొని నాయనకు ఉత్తరం రాశాను. మాటలు నాకింకా గుర్తే: నాయనా, నేను ఒక విమానం చేసినాను. జపాన్ ది. దాంట్లో బాంబులు లేవు. ఈసారి కొలువులో పెడుతున్నాను. చూడాలనిపిస్తే రా. చూడలేకపోతే రావద్దు. నేను మాత్రం తియ్యను.

జవాబు రాలేదు.

మా అత్తింట్లో దసరా కొలువు మా అత్తది. పెట్టెలూ బల్లలూ మెట్లుగా పేర్చి తెల్ల పంచె పరిచి, పై మెట్టున కలశం పెట్టేస్తుంది. కలశం పెట్టాక పదో రోజు దాకా ఏ బొమ్మనూ కదపకూడదు. దుమ్ము దులపాలన్నా నోటితో ఊదాలే గాని చెయ్యి పెట్టకూడదు. ఆ కట్టుబాటు ఆవిడకు ప్రాణం. కింది మెట్లు సర్దే పని నాది. మొదటి రోజు పొద్దున ఆవిడ కలశం మీద కొబ్బరికాయ నిలబెట్టి కళ్ళు మూసుకొని దండం పెట్టుకుంటుంటే, నేను మూడో మెట్టు మీద చెట్టియారును కొంచెం జరిపి విమానాన్ని దింపాను.

అత్త కళ్ళు తెరిచింది. చూసింది.

"ఏమ్మే, ఏంది అది?"

"విమానం అత్తా."

"ఎవురిది?"

"జపాన్ ది."

"మీ పెదనాయనను చంపినోళ్ళదా? అమ్మవారి ముందరా? బుద్ధి యాడ పెట్టినావు? తియ్."

"కలశం పెట్టేసినావు కదత్తా. కదపకూడదంటివే."

ఆవిడ కట్టుబాటుతోనే ఆవిడ చెయ్యి కట్టేశాను. "మీ ఊర్లో నేర్పినారా ఈ తెలివి?" అంది. "మీ ఇంట్లోనే నేర్చుకున్నా," అన్నాను. ఆ పూట నాకు కాఫీ ఇవ్వలేదు. నేనే కలుపుకొని తాగాను. అది మూడో వద్దు.

సాయంత్రం పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళకు ఈ గొడవేమీ తెలియదు. రెక్కల మీద ఎర్ర బొట్లు చూసి, ఆయుధపూజకు వాహనాలకు పెట్టినట్టే ముందుగానే పెట్టేశారనుకున్నారు. "విమానానికి కూడా బొట్లు పెట్టినారే, మంచిది" అని ఒకావిడ తన వేలికున్న కుంకుమ ఆ బొట్టు మీదే అద్దింది. ఒకరు పెడితే అందరూ పెట్టాలి కదా. నాలుగో రోజుకు గుండ్రాలు ఉబ్బిపోయి రెక్కల అంచులు దాటాయి. మిలిటరీ మామ సుండలు, అదే గుగ్గిళ్ళు, తింటూ చూసి బాధపడిపోయాడు. "గుర్తుకు ఒక కొలత ఉండాదమ్మా. ఇట్లా పెంచుకుంటా పోతే దూరం నుంచి ఎట్ల కనిపెట్టేది?" అన్నాడు. "దూరం నుంచి చూసేది కాదు మామా ఇది," అన్నాను.

నేను మాత్రం రోజూ తిరుత్తణి నుంచి వచ్చే ప్యాసింజరు కూతకు చెవి పెట్టి ఉండేదాన్ని. రైలు వచ్చేది. పోయేది. నాయన రాలేదు. చేయకూడని పని చేశానా అని ఎనిమిదో రోజు నాకే అనుమానం వచ్చింది. వచ్చినా తియ్యలేదు.

తొమ్మిదో రోజు ఆయుధపూజ. అత్త విభూతి గిన్నె పట్టుకొని ఇల్లంతా తిరిగింది. కత్తిపీట, రోలు, నా కుట్టు మిషను, మా ఇంటాయన సైకిలు, రంగు బ్రష్షులు, అన్నింటికీ మూడు వేళ్ళతో విభూతి గీతలు, మధ్యలో కుంకుమ. అదే ఊపులో కొలువు దగ్గరికి వచ్చి, చెట్టియారు తక్కెడకు పెట్టి, పక్కనున్న విమానం ముక్కు మీద కూడా మూడు గీతలు లాగేసింది. లాగాక గుర్తొచ్చింది. నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"చెయ్యి అలవాటు," అంది గట్టిగా. "ఒప్పుకున్నానని అనుకోవాకు."

ఆ మధ్యాహ్నం వాకిట్లో గొడుగు మూసిన చప్పుడు వినిపించింది.

నాయన వచ్చాడు. పొదటూరుపేటలో నేసిన తుండుగుడ్డ భుజాన, చేతిలో బొరుగుల పొట్లం. నేను పోయి చేతిలో పొట్లం అందుకున్నాను. ఆయన కాళ్ళు కడుక్కొని నేరుగా కొలువు గది గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు. మిలిటరీ మామ లోపల గోడకానుకొని కూర్చొని ఉన్నాడు. మా ఇంటాయనకు ఆ రోజు సెలవు.

నాయన పై మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ కిందికి వచ్చాడు. మూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. ద్వారబంధాన్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

మామ ఆగలేకపోయాడు. "భయపడేది లేదన్నా. ఇది నిజం విమానం కాదు. ఇట్లాంటిది లోకంలోనే లేదు. నా పటంలో చూసినా. రెక్క ఒకరిది, తోక ఒకరిది."

నాయన ఆయన వైపు తిరగకుండానే అడిగాడు. "నువ్వు యాడ చూసినావప్పా జపాన్ విమానాన్ని?"

"పటంలో. ఉద్యోగంలో ఇచ్చినారు."

"పైన?"

"నేను ఉన్నప్పుడు... పైన ఒకటీ రాలేదు."

"నేను కింద నిలబడి చూసినా," అన్నాడు నాయన. "ఇట్లాంటిది లేదు. అది నాకూ తెలుసు. లేదు కాబట్టే మా అమ్మి చేసింది."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని తుడుచుకోలేదు. తుడుచుకుంటే అత్త చూస్తుంది.

నాయన గడప దాటి లోపలికి వచ్చాడు. చెయ్యి చాపాడు. తాకలేదు. "ఒకసారి ఈ చేతికి ఇయ్యి మే," అన్నాడు.

గదిలో అందరూ అత్త వైపు చూశారు. పదో రోజు దాకా కదపకూడదు. ఆ కట్టుబాటును అడ్డం పెట్టుకొని తొమ్మిది రోజులు నిలబడింది నేను. ఇప్పుడు తెంచాల్సిందీ నేనే. ఎవరినీ అడగలేదు. వంగి, రెండు చేతులతో విమానాన్ని ఎత్తి నాయన చేతుల్లో పెట్టాను.

అత్త గొంతు సవరించుకుంది. తిట్టు వస్తుందని నేను కాచుకున్నాను. "ఎత్తుకోనీలే," అంది. "విభూతి పెట్టిన బండి. బయలుదేరేటప్పుడు ఆపకూడదు."

నాయన కింద కూర్చొని విమానాన్ని బోర్లించాడు. కడుపు మీద వేలితో వెతికాడు.

"బాంబులు యాడ?"

"కరిగించేసినా నాయనా. ఇదో, ఈ రెక్క అతుకులో ఉండాయి."

బొటనవేలితో ఆ అతుకును ఆ కొస నుంచి ఈ కొసకు నిదానంగా రాశాడు. గట్టిగా ఉందో లేదో చూస్తున్నట్టు ఒకసారి నొక్కాడు. తర్వాత తిప్పి కిటికీల దగ్గర కన్ను పెట్టాడు.

"వీళ్ళెవురు?"

"నీ జతలో నడిచినోళ్ళు. ఇట్ల వచ్చుంటే కాళ్ళు పగిలేవి కాదు కదా."

"మినుములా?"

"మినుములే."

చాలాసేపు చూశాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడేమో, పేర్లు అనుకుంటున్నాడేమో. తర్వాత చాలా మెల్లగా, "మా అన్న?" అన్నాడు.

"పెదనాయనకు ఇంకా సీటు ఇయ్యలేదు. నువ్వే చెప్పల్ల." పైకప్పు ముక్క తీసి చూపించాను. కిటికీ పక్కన ఒక చోటు, మధ్యలో ఒక చోటు ఖాళీ ఉన్నాయి.

"కిటికీ పక్కన వద్దు," అన్నాడు వెంటనే. "వద్దు మే. ఏం చప్పుడు విన్నా తొంగి చూస్తాడు వాడు."

పోపుడబ్బా తెమ్మన్నాడు. తుండు పరిచి గుప్పెడు మినుములు పోసుకొని, కళ్ళకు దగ్గరగా పెట్టుకొని ఒక్కొక్కటి చూశాడు. ఒకటి చిన్నదన్నాడు. ఒకటి వంకరన్నాడు. "మా అన్న నాకంటే పొడుగు," అన్నాడు. మా చిన్నది పక్కన చేరి ఒక గింజ చూపిస్తే, "ఇది నవ్వడం లేదు" అని పక్కన పెట్టాడు. ఆఖరికి ఒకటి దొరికింది. మధ్య చోటులో తానే పెట్టాడు. నేను ఈకతో థిన్నరు తడి పెట్టాను. పైకప్పు మూసి ఆయన వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు.

"నూరు లెక్కపెట్టల్ల నాయనా."

"తెలుసులే. ఊరికే పట్టుకోనీ," అన్నాడు. నూరు ఎప్పుడో దాటిపోయింది. పక్కన పెట్టిన కాఫీ చల్లారిపోయేదాకా అలాగే పట్టుకొని కూర్చున్నాడు.

మరుసటి వారం మిలిటరీ మామ తన పటం తెచ్చాడు. ఆఖరు గడి ఖాళీ ఉందట, పెన్సిలుతో నా విమానం నీడను అందులో గీస్తానన్నాడు. రెక్క తప్పే, తోక తప్పే అని గొణుగుతూనే కొలిచి గీశాడు. ఒక్కొక్క నీడ కింద, చూస్తే ఏం చేయాలో ఒక మాట అచ్చువేసి ఉంది. "నీ దానికేం రాయమంటావు?" అన్నాడు.

"తుపాకి ఎత్తకూడదని రాయి మామా."

రాశాడు.

ఆ తర్వాత నాయన మారిపోయాడని నేను అబద్ధం చెప్పను. గొడుగు వదల్లేదు. కొన్ని నెలలకు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉన్నాడు. ఒక మధ్యాహ్నం వాకిట్లో పిల్లలకు చింతగింజలాట నేర్పుతుంటే పైన చప్పుడు వచ్చింది. గింజలు అక్కడే పడేసి, ఎప్పటి మాదిరే లేచి లోపలికి వెళ్ళి రోలు పక్కన కూర్చున్నాడు. నేను వంటింటి గడపలో నిలబడి, ఆ కేక కోసం చూశాను. రాలేదు. పిల్లలను పిలవలేదు. వాళ్ళిద్దరూ వాకిట్లోనే నిలబడి, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకొని తలలెత్తి చూస్తున్నారు.

నాయన గోడమూల నుంచే అడిగాడు. "యా పక్కకు పోతా ఉండాది?"

బయటికి వచ్చి నేనూ తలెత్తాను. "పడమరకు నాయనా. తిరుత్తణి పక్కకు."

"సెరి," అన్నాడు లోపలి నుంచి. "పోనీ."